తువ్వాలు కప్పిన కెమెరా

కొల్లేరు ఏడాది పొడుగునా ఎలా నిండుతుందో, ఎలా ఎండుతుందో ఫోటోలు తీసి రెండు నిమిషాల సినిమాగా చూపించాలన్న ఆలోచన నాది కాదు. మా ప్రిన్సిపాల్‌గారిది. ఆయన ఏదో సెమినార్‌కి హైదరాబాదు వెళ్ళి, అక్కడ తెర మీద ఒక మందార మొగ్గ పది సెకన్లలో విచ్చుకోవడం చూసి వచ్చారు. సోమవారం పొద్దున్న నేను గూడెంలో పాసింజరెక్కి, ఏలూరులో దిగి, కాలేజీకి నడిచి వచ్చేసరికి స్టాఫ్ రూము గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"మేడమ్, ఆ మొగ్గలాగే మన కొల్లేరూ విచ్చుకోవాలండి. మీ ఫిజిక్స్ వాళ్ళకి ఇదేమంత పని" అన్నారు.

అప్పటికి ఆ కాలేజీలో నేను ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు. కెమెరా అంటే పెళ్ళిళ్ళలో భోజనం చేస్తుంటే మొహం మీద లైటు కొట్టే వస్తువని తప్ప నాకేమీ తెలీదు. ఆ మాటే చెప్పాను. "తెలుసుకుంటారు లెండి" అని ఆయన తన గదిలోకి వెళ్ళిపోయారు. రెండు వేల ఏడు వేసవి సెలవులకి ముందు సంగతి ఇది. అంతకు ముందు ఏడాదే ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువుల గట్లు చాలావరకు కొట్టించేసింది. సరస్సు మళ్ళీ ఎలా తేరుకుంటుందో మనం చూపిస్తే కాలేజీకి పేరొస్తుందని ఆయన ఆశ. కష్టపడేది నేను, పేరొచ్చేది కాలేజీకి అన్న సంగతి నాకు అప్పుడే అర్థమైంది. అయినా తల ఊపాను. మా ఇంట్లో మావారు ఆ తల ఊపడం గురించి ఏడాది పాటు దెప్పారు.

కాలేజీ ఫంక్షన్ల కోసం కొన్న చిన్న డిజిటల్ కెమెరా ఒకటి బీరువాలో ఉండేది. దాన్ని నా చేతికిచ్చారు. గంటకొక ఫోటో, ఒకే చోటి నుంచి, ఒకే వైపు చూస్తూ, ఏడాది పాటు తియ్యాలి. ప్రతి గంటకీ దాని బొత్తాం నొక్కేదెవరు? అక్కడే ఆగిపోయాను.

గూడెంలో మా వీధి చివర ఫోటో స్టూడియో నడిపే ఆయన ఒకరుండేవారు. రీలు కెమెరాల రిపేర్లలో చుట్టుపక్కల ఆయన్ని మించినవాళ్ళు లేరు. డిజిటల్ కెమెరాలొచ్చాక రిపేర్లు తగ్గి, పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ కూర్చునేవారు. నేను సంగతి చెప్పగానే కళ్ళజోడు తీసి తుడుచుకుని, చిన్న స్క్రూడ్రైవరు అందుకున్నారు. పావుగంటలో కాలేజీ కెమెరా ఆయన బల్ల మీద ముక్కలు ముక్కలుగా పడి ఉంది. నేను ముక్కలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. ఆయన మాత్రం దాని బొత్తాం కింద నుంచి రెండు సన్నటి తీగలు బయటికి లాగి చూపించారు.

"ఈ రెండూ ముట్టుకుంటే ఫోటో పడుతుందండి. ముట్టించే ఏర్పాటేదో మీరు చూడండి, మేడమ్‌గారూ."

అది నా పాఠమే. టైమర్ సర్క్యూట్ మీద ఏటా సెకండియర్ వాళ్ళకి ఒక చాప్టర్ చెప్తాను. రెండు రోజులు ల్యాబ్‌లో కూర్చుని చేశాను. ల్యాబ్‌లో ఫ్యాను కింద సరిగ్గా గంటకి ఒకసారి ముట్టించింది. స్టూడియో వెనక రేకుల వసారాలో మే నెల ఎండలో పెట్టి చూస్తే నలభై ఎనిమిది నిమిషాలకే ముట్టించింది. మర్నాడు యాభై మూడు. పార్టులన్నీ మార్చాను. ఎండ పెరిగితే అది తొందరపడేది, మబ్బు వేస్తే నిదానించేది. నాలుగు రోజులు నా అవస్థ చూసి, ఆయన గోడ మీది గడియారం దించి, దాని పెద్ద ముల్లుకి సన్నటి రాగి రేకు అంటించి, పన్నెండు దగ్గర మరో రేకు పెట్టారు. ముల్లు పన్నెండు మీదికి రాగానే రెండు రేకులూ రాసుకుంటాయి, ఫోటో పడుతుంది. అంతే. నా చాప్టర్ మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆయన మెచ్చుకోలు కోసం నా వైపు చూస్తే బాగుందని అన్నాను గానీ, ఆ సాయంత్రమంతా నాకు చిరాగ్గానే ఉంది.

ఆ తరువాత కెమెరా తనంతట తాను ఆరిపోకుండా చెయ్యడానికి ఒక వారం, దానికి స్కూటర్ బ్యాటరీ తగిలించడానికి ఇంకొక వారం పట్టింది. అన్నిటినీ ఒక పెద్ద పచ్చళ్ళ డబ్బాలో బిగించి, డబ్బాకి ముందు వైపు కోసి అద్దం అతికించాం.

దాన్ని పెట్టే చోటు కోసం ఏలూరుకి దక్షిణాన ఉన్న లంక గ్రామాలు నాలుగైదు తిరిగాం. చివరికి ఒక ఊళ్ళో, సరస్సుకి ఎదురుగా ఉన్న డాబా ఇల్లు దొరికింది. ఆ ఇంట్లో డెబ్భై ఏళ్ళ మామ్మగారు, ఆవిడ కొడుకు, కోడలు ఉండేవాళ్ళు. కొడుకు వారంలో ఎక్కువ రోజులు గణపవరం వైపు చేపల చెరువుల మీద పనికి వెళ్ళేవాడు. కోడలు మాట్లాడేది తక్కువ. అన్నిటికీ మామ్మగారే ముందుకొచ్చేవారు. కాలేజీ కోసం నీళ్ళ ఫోటోలు తీస్తామని, డాబా మీద గొట్టం పాతి ఒక డబ్బా పెట్టుకుంటామని చెప్పాను.

"దానికేవుందమ్మా, పెట్టుకోండి. ఎండు చేపలారేసుకోడానికి చోటుంటే చాలు మాకు" అన్నారావిడ. ఎందుకు, ఏమిటి, ఎవరు చూస్తారు, ఒక్క మాట కూడా అడగలేదు. నాకూ అంతకన్నా చెప్పాలని తోచలేదు.

జూన్ మొదటి వారంలో బిగించాం. ప్రతి శనివారం మధ్యాహ్నం క్లాసులయ్యాక నేను లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ఏలూరులో ఆటో ఎక్కి, రోడ్డు అయిపోయిన చోట దిగి, పుంత దారిన నడిచి, వానాకాలంలో అయితే చివరి పది నిమిషాలు దోనెలో కూర్చుని ఆ ఊరు చేరేదాన్ని. తాటి బోదెతో చేసిన ఆ దోనెలో కూర్చున్నంత సేపూ లాప్‌టాప్‌ని చంటిపిల్లలా పట్టుకునేదాన్ని.

మొదటి శనివారం కార్డు తీసి చూస్తే మంగళవారంతోనే ఫోటోలు ఆగిపోయాయి. రాగి రేకులు ఒక్కసారి కాక అయిదారుసార్లు రాసుకుంటున్నాయి. ప్రతి గంటకీ అయిదారు ఫోటోలు పడి కార్డు నిండిపోయింది. దాన్ని సరిచేశాను. రెండో వారం ఆ ఇంట్లో కరెంటు రెండు రోజులు లేక, దాంతో చార్జయ్యే స్కూటర్ బ్యాటరీ దిగిపోయింది. కరెంటొచ్చాక కెమెరా లేచింది గానీ తేదీ మర్చిపోయింది. ఆ తరువాతి ఫోటోలన్నీ అది పుట్టిన ఏడాది జనవరి ఒకటో తారీకున తీసినట్టు రాసుకుంది. మూడో వారం డబ్బా అద్దానికి లోపల ఆవిరి పట్టింది. వారమంతా కొల్లేరు పాలల్లో ముంచినట్టు వచ్చింది. స్టూడియో ఆయన తన లెన్సుల పెట్టెల్లోంచి తేమ పీల్చే గుళికల పొట్లాలు ఏరి ఇచ్చారు. అవి పెట్టాను. నాలుగో వారం డబ్బాలో చీమలు గూడు పెట్టాయి. ఒక ఫోటోలో నీటి మీద నల్లటి ఓడలాంటిదేదో కనిపిస్తే ఆశ్చర్యపోయి దగ్గరగా చూశాను. గుడ్డు మోసుకెళ్తున్న చీమ.

"ఇంకా ఎన్ని శనివారాలు?" అని మావారు అడిగారు.

"నలభై ఎనిమిది" అన్నాను.

ఆగస్టులో డబ్బాలో అన్నీ కుదురుకున్నాయి. ఇక భయం లేదనుకుని ఒక శనివారం కార్డు తెరిచాను. సోమవారం దాకా నీళ్ళు, మబ్బులు. సోమవారం మధ్యాహ్నం రెండింటి నుంచి ఎర్ర గళ్ళు. మంగళవారం ఎర్ర గళ్ళు. బుధవారం, గురువారం ఎర్ర గళ్ళు. పోగు పోగూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది నేత. అంత చక్కగా కొల్లేరు ఒక్కసారైనా పడలేదు. తలెత్తి చూస్తే డాబా పిట్టగోడ మీద అదే గళ్ళ తువ్వాలు ఆరేసి ఉంది.

"మామ్మగారూ, దీని మీద తువ్వాలు కప్పారా?"

"కప్పానమ్మా. జల్లు కొడుతోంది కదా, మీరు ఎంత దూరం నుంచో వచ్చి కష్టపడి పెట్టుకున్నారు. తడిసిపోతే పాడైపోద్దని కప్పానండి."

ఆవిడ మొహం చూస్తే కోప్పడడానికి నోరు రాలేదు. అది తడవకుండా డబ్బాలో పెట్టామని, దాని కళ్ళకి అడ్డం వస్తే ఏమీ చూడలేదని మెల్లగా చెప్పాను. అలాగేనమ్మా అన్నారు. రెండు వారాల తరువాత మళ్ళీ గళ్ళు. ఈసారి ఎండ మండిపోతోందని కప్పారట. మూడోసారి వాయుగుండం వచ్చిందని రేడియోలో చెప్పారట. నేను పళ్ళు బిగించుకుని ప్రతిసారీ అదే పాఠం చెప్పాను. ఫెయిలైన పిల్లలకి కూడా నేనంత ఓపిగ్గా చెప్పలేదు.

అక్టోబరు నుంచి క్రిస్మస్ దాకా మాత్రం బాగా జరిగింది. నీళ్ళు మామ్మగారి పెరట్లో కొబ్బరి చెట్టు మొదలు దాకా వచ్చాయి. గుర్రపుడెక్క పచ్చటి దీవుల్లా గాలికి ఇటు నుంచి అటు కొట్టుకుపోయేది. ఎడమ వైపు తెగిన చెరువు గట్టు ముక్క ఒకటి నీటిలోంచి వీపు తేలేసి కనిపించేది. గూడబాతుల గుంపొకటి నవంబరులో తొమ్మిది రోజులు వరసగా ఒకే చోట దిగింది. చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు రెండుసార్లు ఎగ్గొట్టి మరీ వెళ్ళి ఆ ఫోటోలు చూసుకున్నాను. ఎగ్గొట్టినందుకు పాటల బృందంలో నన్ను వెనక వరసకి నెట్టేశారు.

జనవరిలో మా ప్రిన్సిపాల్‌గారు ఎవరో విలేకరిని పిలిచి మాట్లాడారు. కొల్లేటి మీద మా కాలేజీ కెమెరా పగలూ రాత్రీ కాపలా కాస్తోందన్నట్టు పేపర్లో వచ్చింది. పక్కన ఆయన ఫోటో. గడియారం ఉపాయం కనిపెట్టిన స్టూడియో ఆయన ఊసే లేదు. నాకు ఒళ్ళు మండింది గానీ, ఆ వార్తలో మండాల్సింది అది కాదని అప్పటికి తెలీదు.

ఆ వార్త వచ్చిన మరుసటి శనివారం కార్డులో మళ్ళీ ఎర్ర గళ్ళు. వాన లేదు, ఎండ లేదు, వాయుగుండం లేదు. పొద్దున్న ఎనిమిదింటికి కప్పి, సాయంత్రం ఆరింటికి తీసినట్టున్నారు. ఒక రోజు కాదు, అయిదు రోజులు. ఆ తరువాతి వారమూ అంతే. ఏడు నెలలుగా మింగుతూ వచ్చిన కోపం ఆ రోజు ఆగలేదు.

"మామ్మగారూ, నేను ప్రతి వారం ఏలూరు నుంచి పడుతూ లేస్తూ వచ్చేది మీ తువ్వాలు చూడ్డానికా? ఎన్నిసార్లు చెప్పాలి మీకు? వద్దనుకుంటే వద్దని చెప్పెయ్యండి. తీసుకుపోతాను."

అరుగు మీద చేపల వల బాగుచేసుకుంటున్న కోడలు వల పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మామ్మగారు నా చేతిలో లాప్‌టాప్ వైపు చూస్తూ అన్నారు.

"కోప్పడకండమ్మా. అదుగో, ఆ గట్టు మీద మా అబ్బాయీ, ఇంకో నలుగురూ మట్టి వేస్తున్నారండి. మా చేపల చెరువు పోయాక మా వాడు పొరుగూళ్ళ చెరువుల మీద కూలికెళ్తున్నాడు కదా. ఈ రెండు వారాలూ అది మానుకుని, మళ్ళీ చిన్నదేదో కట్టుకుందామని. మీ కెమెరా కాపలా కాస్తందని పేపర్లో రాశారంట. ఊళ్ళో వాళ్ళు, 'మామ్మా, ఆ టీచరమ్మ గవర్నమెంటు మనిషి, నీ డాబా మీద కూర్చుని నీ కొడుకునే పట్టిస్తాది' అన్నారు. పీకేస్తామని వచ్చారండి. నేనే పీకనివ్వలేదు. ఆవిడ మంచావిడే, పగలు కప్పుతానులే అన్నాను."

నేను లాప్‌టాప్ మూసేశాను. ఆ గట్లు సరస్సుని చంపేశాయని క్లాసులో పిల్లలకి చెప్పినదాన్ని నేనే. గట్లు కొట్టించినప్పుడు సంతోషించినదాన్ని కూడా. అయినా ఆ ఫోటోలు ఎవరికి చూపిస్తామో ఏడు నెలల్లో ఒక్కసారి కూడా ఆవిడకి చెప్పలేదు. ఆవిడ అడగలేదు కాబట్టి అవసరం లేదనుకున్నాను. తువ్వాలు తియ్యమని పాఠం చెప్పడం మాత్రం మానలేదు.

"నేను గవర్నమెంటు మనిషిని కాదండి. ఇవి కాలేజీలో పిల్లలకి చూపించడానికే" అన్నాను.

"నాకు తెలుసమ్మా. ఊళ్ళో వాళ్ళకి తెలీదు కదా" అన్నారావిడ.

సోమవారం ప్రిన్సిపాల్‌గారి గదిలోకి వెళ్తే ఆయన చాలా ఉత్సాహంగా ఉన్నారు. పేపరు చూసి ఒక ఆఫీసరుగారు ఫోన్ చేశారట. గట్లు మళ్ళీ వేస్తున్నారన్న అనుమానం ఉందనీ, మన ఫోటోలు సీడీలో పెట్టి ఇస్తే పనికొస్తాయనీ అన్నారట.

"చూశారా మేడమ్, మన ప్రాజెక్టుకి ఎంత విలువొచ్చిందో. ఎల్లుండికల్లా సీడీ ఇవ్వండి."

"ఇవ్వనండి" అన్నాను.

ఆయన సరిగ్గా వినపడనట్టు చూశారు. ఆ మాట అంత సూటిగా ఎలా వచ్చిందో నాకే తెలీదు.

"మొగ్గ విచ్చుకున్నట్టు చూపించడానికని చెప్పి వాళ్ళ డాబా మీద పెట్టానండి. వాళ్ళింటి మీద పెట్టి వాళ్ళనే పట్టిస్తే ఎలాగండి? గట్లు వెయ్యకూడదు, ఒప్పుకుంటాను. ఆ ఆఫీసరుగారు దోనెక్కి వెళ్ళి చూసుకోవచ్చు. గట్టు పెద్దదేనండి, కంటికి కనపడుతుంది."

"మీరు లేనిపోని గొడవ తెస్తున్నారు. కెమెరా కాలేజీది."

"కెమెరా కాలేజీదేనండి. కావాలంటే రాతపూర్వకంగా అడగండి, నేనూ రాతపూర్వకంగానే జవాబిస్తాను."

కాగితం మీద పెట్టడం ఆయనకి ఎప్పుడూ నచ్చదు. ఆయన రాయలేదు, నేనూ రాయలేదు. నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఆఫీసరుగారు మళ్ళీ అడిగారో లేదో నాకు తెలీదు. నేను చేసింది సరైన పనేనా అని ఆ నెలంతా పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించేదాన్ని. ఇప్పటికీ సగం సగమే అనిపిస్తుంది.

సీడీ ఇవ్వనన్న ఆ వారమే, శనివారం వెళ్ళి గొట్టం బోల్టులు వదులు చేసి కెమెరాని కుడి వైపుకి తిప్పాను. గట్టు చట్రంలోంచి తప్పిపోయింది. నీళ్ళు, కిక్కిస గడ్డి, దూరంగా మరో లంక మిగిలాయి. ఏడాది పాటు ఒకే వైపు చూడాలన్న మొదటి నియమాన్ని నా చేత్తో నేనే చెడగొట్టాను. స్టూడియో ఆయనకి చెప్తే చాలాసేపు బాధపడ్డారు.

"ఫ్రేము కదిలిపోతే సినిమా రెండు ముక్కలైపోద్ది మేడమ్‌గారూ. అంత కష్టపడి నిలబెట్టాం" అన్నారు. కారణం చెప్పాక మాత్రం తల ఊపి తన పనిలో పడ్డారు.

ఆ తరువాత తువ్వాలు మళ్ళీ పడలేదు. మేలో నీళ్ళు తగ్గి, పగుళ్ళిచ్చిన నేల బయటపడే దాకా ఫోటోలు తీశాం. జూన్‌లో డబ్బా దించేశాం.

నల్లటి రాత్రులు, పాలల్లో ముంచిన వారాలు, చీమలు, గళ్ళు అన్నీ తీసేస్తే రెండు నిమిషాల సినిమా కాస్తా అరవై అయిదు సెకన్లకి వచ్చింది. జూన్ నుంచి ఆగస్టు దాకా కుంటుకుంటూ నడుస్తుంది. అక్టోబరులో చక్కగా నిండుతుంది. జనవరిలో ఉన్నట్టుండి లోకమంతా ఎడమ వైపుకి గెంతుతుంది. కొత్త ఏడాది పిల్లలకి స్వాగత సభలో దాన్ని తెర మీద వేశారు. గెంతిన చోట పిల్లలు గొల్లుమన్నారు. ప్రిన్సిపాల్‌గారు నా వైపు వంగి, "మొగ్గలాగా లేదేంటండి" అన్నారు. లేదండి అన్నాను.

మామ్మగారికి చూపించాలని ఒక ఆదివారం చర్చి అయ్యాక మావారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. మొత్తం ఏడాదిలో ఆయన అక్కడికి రావడం అదే మొదటిసారి. అరుగు మీద లాప్‌టాప్ పెట్టి సినిమా వేశాను. మామ్మగారు, కోడలు, పక్కింటి ఆవిడ ఒకరు చూశారు. అరవై అయిదు సెకన్లు అయిపోయాయి.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయిందండి."

"ఇదంతా మేం రోజూ చూసేదేగా" అన్నారు మామ్మగారు. నొచ్చుకుంటానేమోనని వెంటనే, "బాగుందమ్మా, కానీ ఆ తొందరేవిటండి? నీళ్ళు పరిగెడుతున్నాయి. కొంచెం నిదానంగా తిప్పండి" అన్నారు.

నిదానంగా తిప్పడం నాకు చేతకాదు. అందుకని సినిమా మూసేసి, ఫోటోల ఫోల్డరు తెరిచి, మీట నొక్కుతూ ఒక్కొక్కటే చూపించాను. ఆవిడ చాప లాక్కుని దగ్గరగా కూర్చున్నారు. ఈ దోనె ఫలానా వాళ్ళది, ఇది మా కోడలికి జ్వరమొచ్చిన వారం, ఈ పొగ అవతలి లంకలో గడ్డివామి అంటుకున్నది అని చెప్తూ పోయారు. నాకు నీళ్ళు తప్ప కనపడని ఫోటోల్లో ఆవిడకి ఇన్ని కనపడ్డాయి. ఆ మొదటి నెలల తేదీలు నా దగ్గర సగం తప్పుగా ఉన్నాయి కదా, ఆవిడ చెప్పినవి విని మావారు ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టారు. సెప్టెంబరు మధ్యలో ఉండగా లాప్‌టాప్ బ్యాటరీ అయిపోయింది. ఆదివారం కూడా ఆ ఊళ్ళో కరెంటు లేదు.

"మిగతాది ఎప్పుడు చూపిస్తారమ్మా?" అని మామ్మగారు అడిగారు.

నేను నోరు తెరిచేలోగానే మావారు, "వచ్చే శనివారం వస్తామండి" అనేశారు.